బస్సెక్కిన పాఠం
(మహాసభల్లో విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

  భోజనాల తరవాత పెట్టే ప్రసంగానికి ఇంతమంది వచ్చారంటే, ఒకటి విషయం మీద ఆసక్తి అయినా ఉండాలి, లేదా ఈ హాల్లో ఏసీ బాగా పనిచేస్తున్నా ఉండాలి. ఏదైనా నాకు సంతోషమే.

నేను విద్యావేత్తను కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. నాకున్న అర్హతల్లా ఒక్కటే. మా అమ్మాయి నాలుగో తరగతి, మా అబ్బాయి రెండో తరగతి చదివిన ఈ విద్యా సంవత్సరంలో, కాలిఫోర్నియాలో మా ఊరి ప్రాథమిక పాఠశాలకి వాలంటీరుగా వెళ్ళి, వాళ్ళు తరగతిలో చేసిన పనులూ, బస్సెక్కి వెళ్ళిన యాత్రలూ దగ్గరుండి చూశాను. "మా పిల్లల బడిలో ఏం జరుగుతోంది?" అన్నది చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఆ అవకాశం ఇచ్చినందుకు వారికి కృతజ్ఞతలు.

మనలో మనం మాట్లాడుకునేటప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటుంది. "ఇక్కడ ఎలిమెంటరీ స్కూల్లో చదువేముందండీ, అంతా ఆటలేగా! గుమ్మడికాయలు చూడ్డానికి ఒకరోజు, పురుగుల్ని పెంచడానికి ఒక నెల, వందో రోజు పండగని ఇంకో రోజు. ఎక్కాలు మనమే నేర్పించుకోవాలి" అని. ఎక్కాలు ఇంట్లో నేర్పించడం మంచిదే, నేనూ నేర్పిస్తున్నాను. కాని ఆ ఆటల్లో ఏముందో ఒకసారి తీరిగ్గా చూద్దామని నా ప్రార్థన. ఎందుకంటే ఆ మాట వెంటనే ఇంకో మాట కూడా వస్తోంది: "ఆరోజు ఫీల్డ్ ట్రిప్పేగా, మానేస్తే ఏం పోయింది?" పోయేది ఏమిటో చెప్పడమే ఈరోజు నా పని.

పట్టుపురుగులు అడిగిన ప్రశ్న

ముందు రెండో తరగతి సంగతి. కాలిఫోర్నియాలో చాలా బడుల్లో వసంతకాలంలో పట్టుపురుగుల్ని పెంచుతారు. టీచరుగారు ఆవగింజకంటే చిన్నగా ఉన్న గుడ్లు ఒక కాగితం మీద తెచ్చారు. పిల్లలకి తలా ఒక చిన్న డబ్బా. పట్టుపురుగు మల్బరీ ఆకు తప్ప ఇంకోటి ముట్టదు కాబట్టి, తల్లిదండ్రులందరికీ ఒక పని పడింది: ఊళ్ళో ఎవరి పెరట్లో మల్బరీ చెట్టుందో వెతకడం. నాలుగేళ్ళుగా ఒకే వీధిలో ఉంటూ పలకరించని పొరుగాయన తలుపు ఆ ఆకు కోసమే తట్టాం. ఆయనా సంతోషంగా కోసుకోమన్నాడు.

పిల్లలు రోజూ స్కేలుతో పురుగు పొడవు కొలిచి పుస్తకంలో రాసేవారు. వారం వారం గ్రాఫు గీసేవారు. పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు ఒక రోజు మేత మానేసి తలెత్తి కదలకుండా ఉంటుంది. మొదటిసారి అలా ఉన్నప్పుడు మా వాడు చచ్చిపోయిందని ఏడ్చాడు. రెండోసారి ఏడ్చిన ఇంకో పిల్లకి వీడే ధైర్యం చెప్పాడు. సుమారు నాలుగు వారాలకి పురుగులు గూడు కట్టడం మొదలుపెట్టాయి. రెండు మూడు రోజులు తల అటూ ఇటూ తిప్పుతూ ఒకే దారాన్ని తెగకుండా వదులుతుంది. మంచి గూటిలో ఆ దారం కిలోమీటరు దరిదాపు దాకా ఉంటుందని టీచరుగారు చెప్పి, పిల్లల్ని బడి మైదానం చుట్టూ అంత దూరం నడిపించారు. కిలోమీటరంటే ఎంతో వాడికి కాళ్ళతో తెలిసింది.

అప్పుడు టీచరుగారు నన్నొక సహాయం అడిగారు. "మీ ఇంట్లో పట్టుచీర ఉంటుంది కదా, తెస్తారా?" అని. మా ఆవిడ పెళ్ళినాటి ధర్మవరం చీర ఇచ్చింది, సవాలక్ష జాగ్రత్తలు చెప్పి. ఆరు గజాల చీర తరగతిగది గోడ పొడుగునా పట్టుకున్నాం. మన హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టుందని, రైతులు వెదురు చంద్రికల మీద పురుగుల్ని గూళ్ళు కట్టనిస్తారని, ధర్మవరంలో నేతగాళ్ళు మగ్గం మీద నేస్తారని చెప్పాను. పిల్లలు చెయ్యి కడుక్కుని వచ్చి ఒక్కొక్కరే అంచు ముట్టుకున్నారు.

ఇంతలో వెనకనుంచి ఒక ఏడేళ్ళ పిల్ల అడిగింది: "మరి లోపలున్న పురుగు ఏమవుతుంది?"

గది అంతా నిశ్శబ్దం. దారం తెగకుండా రావాలంటే చిలుక బయటికి రాకముందే గూటిని వేడినీళ్ళలో వెయ్యాలి. లోపలి ప్రాణి చచ్చిపోతుంది. టీచరుగారు నిజమే చెప్పారు, తగ్గించకుండా, భయపెట్టకుండా. ఒక చీరకి వేల గూళ్ళు పడతాయి. ఇంటికొచ్చాక మా అబ్బాయి వాళ్ళమ్మ చీరని చాలాసేపు చూశాడు. తరవాత రెండు రోజులు ఇంట్లో అదే చర్చ. మా వాడికి నేను కుసుమ రాజయ్య గారి గురించి చెప్పాను. ఆయన హైదరాబాదులో చేనేత రంగంలో ప్రభుత్వోద్యోగం చేస్తూ, 1990లలో మొదలుపెట్టి, చిలుక గూడు చీల్చుకుని ఎగిరిపోయాక మిగిలిన గూటినుంచి నూలు వడికి అహింసా పట్టు నేయించిన మనిషి. దారం తెగిపోతుంది కాబట్టి దాన్ని పత్తిలాగా వడకాలి, మెరుపు కొంచెం తగ్గుతుంది, ధర ఎక్కువవుతుంది. "అయితే మెరుపు తక్కువైనా ఫరవాలేదు" అన్నాడు వాడు. రెండో తరగతి పిల్లాడు సైన్సు, లెక్కలు, అర్థశాస్త్రం, ధర్మసందేహం అన్నీ ఒక్క అట్టపెట్టెలో చదువుకున్నాడు. దీన్ని ఆటలంటారో చదువంటారో మీరే చెప్పండి.

తాతయ్య చేతిలో మొక్కజొన్న పొత్తు

ఇక యాత్రలు. ఫ్రీమాంట్‌లో ఆర్డెన్‌వుడ్ అనే పాతకాలపు వ్యవసాయ క్షేత్రం ఉంది. చుట్టూ సాఫ్ట్‌వేరు కంపెనీలు, ఫ్రీవేలు, మధ్యలో ఒక పొలం. 1849లో బంగారం కోసమని కాలిఫోర్నియా వచ్చిన జార్జ్ పాటర్సన్ అనే ఆయన, బంగారం కలిసిరాక, వ్యవసాయంలో దిగి స్థిరపడ్డ చోటు అది. ఇప్పుడది ప్రాంతీయ ఉద్యానవనం. పందొమ్మిదో శతాబ్దంలో వ్యవసాయం ఎలా చేసేవారో అలాగే చేసి చూపిస్తారు. కమ్మరి కొలిమి, కోళ్ళు, మేకలు, చేత్తో తిప్పే మొక్కజొన్న గింజలు ఒలిచే మిషను, అన్నీ ఉంటాయి.

ఆ సమయానికి మా అమ్మా నాన్నగారూ తెనాలి దగ్గర మా పల్లెనుంచి వచ్చి ఉన్నారు. పెద్దవాళ్ళు ఇక్కడికొస్తే వాళ్ళ పరిస్థితి మీ అందరికీ తెలుసు. పొద్దున్న అందరం వెళ్ళిపోతే గోడలు చూస్తూ కూర్చోవడం, సాయంత్రం పిల్లలొస్తే వాళ్ళ ఇంగ్లీషు అర్థంకాక నవ్వి ఊరుకోవడం. బడివాళ్ళు పెద్దలు ఇంకా కావాలని కబురు పెడితే, నేను నాన్నగారి పేరు కూడా ఇచ్చాను. కాగితాలన్నీ పూర్తిచేసి, ధోవతి బదులు ప్యాంటు వేసుకుని, ఆయనా పసుపుపచ్చ బస్సెక్కారు.

నలభై ఏళ్ళు పొలంలో పనిచేసిన మనిషి ఆయన. మా వైపు వరి కోశాక చేను దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు. ఆర్డెన్‌వుడ్‌లో పిల్లలు ఆ మిషను చుట్టూ మూగి, వంతులవారీగా మర తిప్పుతుంటే, నాన్నగారు పక్కన నించుని ఒక ఎండు పొత్తు చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలితో ఒక వరస గింజలు ఊడదీసి, ఆ ఖాళీలోంచి రెండో పొత్తుతో రుద్దుతూ, నిమిషంలో ఒలిచేశారు. పిల్లలు మిషను వదిలేసి ఈయన చుట్టూ చేరారు. మళ్ళీ చెయ్యమన్నారు. ఎలా చేశారని అడిగారు. ఆయనకి ఇంగ్లీషు రాదు.

అప్పుడు మా అమ్మాయి ముందుకొచ్చింది. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల. "తాతయ్యా, వాళ్ళు అడుగుతున్నారు, ఎంత ఎండాలి అని" అని తెలుగులో అడిగింది. ఆయన చెప్పింది ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. గింజ పళ్ళకింద పెడితే టక్కున విరగాలట. వాళ్ళు ఇంకోటి అడిగారు, బెండుని ఏం చేస్తారని. పొయ్యిలోకి, అన్నారు. అలా ఇరవై నిమిషాలు. ఒకటి రెండుచోట్ల మాట దొరక్క నా వైపు చూసింది. "బెండు" అన్న మాట ఆరోజే నేర్చుకుంది. తెలుగు మాట్లాడితే స్నేహితుల ముందు చిన్నతనం అనుకునే వయసులో, తెలుగు వచ్చినందుకే స్నేహితుల ముందు పెద్దరికం దొరికింది. ఇది నేను ఇంట్లో ఎన్ని రోజులు బతిమాలినా జరిగేది కాదు.

తిరుగు బస్సులో నాన్నగారు నాతో ఒక్కమాటే అన్నారు: "ఈ దేశంలో నాకు తెలిసిన పని కూడా ఒకటుందిరా." సభలో ఉన్న కొడుకులకీ కూతుళ్ళకీ దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటాను.

బంగారం కోసం వచ్చినవాళ్ళు

కాలిఫోర్నియాలో నాలుగో తరగతి సోషల్ అంటే రాష్ట్ర చరిత్ర. దానికి తగినట్టే రెండు యాత్రలు. మొదటిది కొలోమా. అమెరికన్ నది దక్షిణ పాయ ఒడ్డున, సట్టర్ కట్టిస్తున్న రంపపు మిల్లు దగ్గర, 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కి బంగారు రవ్వలు కనిపించిన చోటు. ఆ వార్తతో ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చిపడ్డారు. పిల్లలు పళ్ళెంలో ఇసుకా నీళ్ళూ పోసి తిప్పితే, తేలికైన ఇసుక పోయి బరువైనది అడుగున మిగులుతుంది. మన కంసాలి వీధుల్లో మట్టి కడిగి బంగారం రజను ఏరుకునేవాళ్ళు చేసేదీ ఇదే. సాంద్రత అన్న పాఠం చేతికి తెలిసిపోతుంది.

అక్కడ పిల్లలు తెలుసుకున్నది బంగారం గురించి మాత్రమే కాదు. బంగారం దొరికిన మిల్లు యజమాని సట్టర్ చివరికి దివాలా తీశాడు. మొదట చూసిన మార్షల్ పేదవాడిగా పోయాడు. తవ్విన వాళ్ళలో చాలామందికి ఏమీ మిగల్లేదు, వాళ్ళకి పారలూ బట్టలూ అమ్మినవాళ్ళు బాగుపడ్డారు. 1853లో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి బట్టల వ్యాపారం పెట్టిన లెవీ స్ట్రాస్ ఇరవై ఏళ్ళ తరవాత, 1873లో, రివెట్లు కొట్టిన ప్యాంటుకి ఇంకొకరితో కలిసి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మన పిల్లలందరూ వేసుకునేది అదే. ఇంకో పక్క, ఆ నేలమీద ముందునుంచీ ఉన్న నిసెనాన్ మొదలైన ఆదిమ జాతుల వాళ్ళు రోగాలకీ, తుపాకులకీ, ఆకలికీ బలైపోయారు. కాలిఫోర్నియాలో 1848 నాటికి లక్షన్నర దాకా ఉన్న మూలవాసులు 1870కల్లా ముప్ఫైవేలకి పడిపోయారని చరిత్రకారుల అంచనా. గైడు ఈ సంగతి దాచలేదు. తొమ్మిదేళ్ళ పిల్లలు అర్థం చేసుకున్నారు కూడా.

నా బృందంలో ఆరుగురు పిల్లలుంటే నలుగురి తల్లిదండ్రులు వేరే దేశంలో పుట్టినవాళ్ళు. ఒక పిల్లాడు అడిగాడు, "మనం కూడా బంగారం కోసమే వచ్చామా?" అని. మీరెవరైనా జవాబు చెప్పగలరా? నేను "మనం ప్రాజెక్టు కోసం వచ్చాం నాయనా" అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకున్నట్టు లేడు.

ఇంటికి ఎన్ని మెట్లు?

రెండో యాత్ర ఏంజెల్ ఐలండ్. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ద్వీపం. పడవ మీద వెళ్ళాలి. 1910నుంచి 1940దాకా అక్కడ వలసదారుల తనిఖీ కేంద్రం ఉండేది. అట్లాంటిక్ ఒడ్డున ఎల్లిస్ ఐలండ్ సంగతి మనలో అందరికీ తెలుసు. పసిఫిక్ ఒడ్డున ఉన్న ఇది, ఆసియావాళ్ళు దిగిన రేవు అయినా, మనకి అంతగా తెలీదు. 1882లో వచ్చిన చట్టం చైనా కూలీల రాకని నిషేధించింది. వ్యాపారుల వంటి కొందరికీ, అమెరికా పౌరుల పిల్లలకీ మినహాయింపు. అందుకని వచ్చినవాడు నిజంగా ఫలానా వాడి కొడుకేనా అని తేల్చడానికి రోజులతరబడి ప్రశ్నించేవారు. కొందరు వారాలు, కొందరు నెలలు ఆ చెక్క బరాకుల్లో ఉండిపోయారు. మనసులో బాధని గోడల మీద చైనా అక్షరాల్లో పద్యాలుగా చెక్కారు. కేంద్రం మూతపడి, కూలగొట్టే ఆలోచనలో ఉండగా, 1970లో అలెగ్జాండర్ వైస్ అనే పార్కు రేంజరు ఆ గోడల మీది అక్షరాల విలువ గుర్తించి నలుగురికీ చెప్పబట్టి అవి మిగిలాయి. 1997లో ఆ చోటు జాతీయ చారిత్రక స్థలమైంది.

భారతీయులు కూడా, ఎక్కువగా పంజాబీలు, అక్కడ దిగారు. వాళ్ళలో చాలామందిని తిప్పి పంపేశారు. 1917 చట్టంతో భారతదేశంనుంచి వలస దాదాపు మూసుకుపోయింది. 1946లో ఏడాదికి వందమంది లెక్కన సందు దొరికింది. 1965 చట్టం వచ్చాకే మనవాళ్ళకి తలుపు నిజంగా తెరుచుకుంది. ఇవాళ ఇంతమంది తెలుగువాళ్ళం ఒక హాల్లో కూర్చుని పులిహోర తింటున్నామంటే ఆ చట్టం పుణ్యమే. ఈ సంగతి మా అమ్మాయి నాకంటే వివరంగా చెప్పగలదు.

ఆ విచారణల్లో అడిగిన ప్రశ్నలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. మీ ఊళ్ళో మీ ఇంటికి ఎన్ని మెట్లు? బియ్యం ఎక్కడ పెడతారు? పక్కింట్లో ఎవరుంటారు? వచ్చిన పిల్లవాడూ, ఇక్కడున్న తండ్రీ విడివిడిగా చెప్పిన జవాబులు కలవకపోతే వెనక్కి ఓడెక్కాల్సిందే.

యాత్రనుంచి వచ్చాక టీచరుగారు ఇచ్చిన ఇంటిపని ఏమిటంటే, ఇవే ప్రశ్నలు మీ కుటుంబంలో ఇద్దరు పెద్దవాళ్ళని విడివిడిగా అడిగి రాయండి అని. మా అమ్మాయి, అప్పటికి ఊరెళ్ళిపోయిన వాళ్ళ నాయనమ్మకి ఫోను చేసింది. "నాయనమ్మా, మనింటికి ఎన్ని మెట్లు?" "మూడమ్మా." తరవాత హైదరాబాదులో ఉన్న మా బాబాయికి చేసింది. "నాలుగు" అన్నాడాయన. ఇంకేముంది, ఆ సాయంత్రం మూడు ఊళ్ళ మధ్య ఫోన్లు మోగాయి. చివరికి తేలిందేమిటంటే, అరుగు అంచుని మా బాబాయి మెట్టుగా లెక్కేశాడు, మా అమ్మ వెయ్యలేదు. బియ్యం ఎక్కడంటే అమ్మ వంటింట్లో డ్రమ్ము అంది, బాబాయి చిన్నప్పటి గాదె అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే, కాలాలు వేరు. మా అమ్మాయి పుస్తకంలో రాసుకుంది: "మా నాయనమ్మా, చిన్నతాతయ్యా ఇద్దరూ నిజమే చెప్పారు. అయినా ఏంజెల్ ఐలండ్‌లో అయితే ఒకర్ని వెనక్కి పంపేసేవారు."

నిజం చెప్పినవాడు కూడా పరీక్ష తప్పవచ్చని పదేళ్ళు నిండని పిల్ల అర్థం చేసుకుంది. దానితోపాటు వాళ్ళ తాతల ఇంటికి అరుగుందనీ, ఒకప్పుడు గాదె ఉండేదనీ తెలుసుకుంది. వీసా స్టాంపింగు కోసం కాన్సులేటు ముందు నిలబడ్డ అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ అనుభవానికి ఒక చరిత్ర ఉందని మన పిల్లలు మనకి చెబుతున్నారు.

లెక్కలు ఏమంటున్నాయి?

ఇంజనీర్లం కదా, "కథలు బాగున్నాయి, డేటా ఏదీ?" అంటారు. ఉంది. అర్కాన్సాలో బెంటన్‌విల్ అనే ఊరుంది. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. అక్కడినుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఈ సభలో కూడా ఉండి ఉంటారు. 2011 నవంబరులో అక్కడ క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే చిత్రకళా మ్యూజియం తెరిచారు. బడి పిల్లలకి ప్రవేశం, బస్సు, భోజనం అన్నీ ఉచితం. మొదటి రెండు సెమిస్టర్లలోనే 525 బడి బృందాలు, 38 వేలమంది పిల్లలకి సరిపడా దరఖాస్తులు వచ్చాయి. అందర్నీ ఒకేసారి తీసుకోలేరు. అందుకని లాటరీ వేశారు. గెలిచినవాళ్ళు ముందు, ఓడినవాళ్ళు తరవాతి సెమిస్టరులో.

అర్కాన్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు జే గ్రీన్, బ్రయన్ కిసీడా, డానియెల్ బోవెన్ ఈ లాటరీని వాడుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ఇది చక్కని ఎ-బి టెస్టింగు. 123 బడుల్లో సుమారు 11 వేలమంది పిల్లల్ని, వెళ్ళినవాళ్ళనీ ఇంకా వెళ్ళనివాళ్ళనీ, కొన్ని వారాల తరవాత ప్రశ్నించారు. ఫలితాలు 2013లో బయటికొచ్చాయి. ఈస్ట్‌మన్ జాన్సన్ వేసిన ఒక బొమ్మలో మేపుల్ చెట్ల రసం కాచి చక్కెర చేస్తున్న మనుషులుంటారు. అది బానిసల శ్రమతో పండే చెరుకు చక్కెరకి ఎదురుగా, బానిసత్వ వ్యతిరేకులు చేసిన పని. బొమ్మ చూసి వారాలు గడిచాక కూడా ఈ సంగతి గుర్తున్న పిల్లలు వందకి 88మంది. పరీక్ష లేదు, మార్కులు లేవు, బట్టీ లేదు. అంతకుముందు ఎప్పుడూ చూడని ఒక కొత్త బొమ్మ చూపించి వ్యాసం రాయమంటే, మ్యూజియం చూసొచ్చిన పిల్లలు వివరాలు ఎక్కువ గమనించి, కారణాలు చెప్పి రాశారు. అందరికీ కలిపి చూస్తే ఆ తేడా చిన్నదే. కాని పల్లెటూరి పిల్లల్లో, పేద పిల్లల్లో అది చాలా పెద్దది. ఇంట్లో ఎవరూ మ్యూజియానికి తీసుకెళ్ళనివాళ్ళకి బడి బస్సే దిక్కు కదా.

ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. మన ఊళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ చెబుతాను.

బస్సు కదలాలంటే

యాత్ర అంటే ఉచితంగా జరిగేది కాదు. బస్సు అద్దె, ప్రవేశ రుసుము, పెద్దవాళ్ళ తోడు కావాలి. కాలిఫోర్నియా విద్యా చట్టంలో, డబ్బు లేదన్న కారణంతో ఏ పిల్లనీ యాత్రకి రాకుండా ఆపకూడదని స్పష్టంగా ఉంది. అందుకే బడి మనకి పంపే కాగితంలో "చందా" అని ఉంటుందే గాని "ఫీజు" అని ఉండదు. చందాలు సరిపోకపోతే యాత్రే రద్దవుతుంది, ఒక్క పిల్ల కాదు, తరగతి మొత్తం ఆగిపోతుంది. "తప్పనిసరి కాదటగా" అని పక్కన పెట్టే ముందు ఈ సంగతి ఆలోచించండి. నేషనల్ పార్కులకి నాలుగో తరగతి పిల్లలకని 2015లో ఉచిత పాసు పథకం పెట్టారు, 2019లో దాన్ని చట్టం చేశారు. మీ పిల్లలు నాలుగో తరగతికి రాబోతుంటే ఆ పాసు గురించి టీచర్ని ముందే అడగండి.

డబ్బుకంటే ముఖ్యం మనిషి. వాలంటీరు కావాలంటే చాలా జిల్లాల్లో వేలిముద్రలు, క్షయ పరీక్ష అడుగుతారు. ఇది వారం పదిరోజుల పని. యాత్ర ప్రకటించాక మొదలుపెడితే అందదు. ఆగస్టులో బడి తెరవగానే చేసి పెట్టుకుంటే ఏడాదంతా నిశ్చింత. మా తరగతిలో మూడోవంతు పిల్లలు మనవాళ్ళే. వాలంటీర్ల జాబితాలో తెలుగు పేర్లు రెండు. సెలవు దొరకదంటారు. నిజమే, దొరకదు. ఏడాదికి ఒక్కరోజు అడగండి. రిలీజు ఒకరోజు ఆలస్యమైతే మళ్ళీ వస్తుంది. నాలుగో తరగతి మళ్ళీ రాదు.

మన బడులకి ఏం చెయ్యాలి?

రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది, ఇక్కడ మన వారాంతపు తెలుగు బడుల గురించి. మనబడి వంటి సంస్థల్లో వందలమంది వాలంటీర్లు శ్రమపడి పిల్లలకి అక్షరాలు నేర్పుతున్నారు, వారికి చేతులెత్తి నమస్కరించాలి. నా సూచన ఏమిటంటే, ఏడాదికి రెండు ఆదివారాలు గది వదిలి బయటికి వెళదాం. రైతుబజారు లాంటి సంతకి వెళ్ళి కూరగాయల పేర్లు తెలుగులో చెప్పిద్దాం. పొలానికి వెళదాం. కార్తీక మాసంలో ఏ పార్కులోనో వనభోజనాలు పెట్టి వంట పిల్లల చేత చేయిద్దాం. ఇంటికొచ్చిన అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ ఆరోజుకి టీచర్లని చేద్దాం. "బెండు" అన్న మాట మా అమ్మాయికి ఏ పుస్తకమూ నేర్పలేదు, ఎండు పొత్తు నేర్పింది.

రెండోది, మన ఊళ్ళ బడుల గురించి. ఇలాంటి చదువు అమెరికా సొత్తని ఎవరూ అనుకోవద్దు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీవాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో, అన్ని వయసుల పిల్లలూ ఒకే గదిలో, కార్డులు పట్టుకుని ఎవరి వేగంతో వాళ్ళు చదువుకునే పద్ధతి తయారుచేశారు. తమిళనాడు ప్రభుత్వం దాన్నుంచి నేర్చుకుని రాష్ట్రమంతా ప్రవేశపెట్టింది. జపాను చిన్నపిల్ల బడి కథ "రైలుబడి" పేరుతో తెలుగులో ఎప్పటినుంచో ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరునుంచి ఎనిమిదో తరగతి లోపల పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని రాసింది. కాగితం మీద ఉంది. బస్సే లేదు.

మనం ప్రతి ఏడూ ఊళ్ళో బడికి ఏదో ఒకటి ఇస్తున్నాం. కంప్యూటర్లు, బెంచీలు, నీళ్ళ ఫిల్టర్లు. అన్నీ అవసరమే. ఈసారి ఒక బస్సు యాత్ర ఇద్దాం. గుంటూరు జిల్లా పిల్లలు అమరావతి మ్యూజియం, నాగార్జునకొండ ఎంతమంది చూశారు? కృష్ణా జిల్లా పిల్లల్లో కొండపల్లి వెళ్ళి తెల్లపొణికి చెక్క బొమ్మగా మారడం చూసినవాళ్ళెందరు? నల్గొండ పిల్లలు పోచంపల్లి మగ్గం, వరంగల్ పిల్లలు రామప్ప గుడి? రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ప్రపంచం చూడ్డానికి వస్తోంది, పక్క మండలం పిల్లలు చూడలేదు. ఒక తరగతికి ఒకరోజు బస్సు, భోజనం, ప్రవేశ టికెట్లు కలిపినా, మనం ఈ మహాసభలకి వచ్చిన విమానం టికెట్టు ధరలో ఒక భాగమే అవుతుంది. బెంటన్‌విల్ లెక్క గుర్తుందిగా. యాత్ర లాభం ఎక్కువగా చేరేది పల్లె పిల్లలకీ పేద పిల్లలకీనే.

అందుకని మీ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. రెండేళ్ళ తరవాత మళ్ళీ కలిసేలోపు, ఈ గదిలో ఉన్న ప్రతి ఊరి బృందమూ తమ ఊరి ప్రాథమిక పాఠశాలకి ఒక్క యాత్ర చేయించాలి. ఎక్కడికి వెళ్ళాలో అక్కడి మాస్టర్లే నిర్ణయించాలి, మనం కాదు. వచ్చాక పిల్లలు చూసింది రాసి పంపాలి. ఆ కాగితాల్ని వచ్చే మహాసభల్లో ఇదే హాల్లో గోడలకి అంటిద్దాం. మన పిల్లలు చదువుతారు. చదవలేకపోతే తాతయ్యల చేత చదివించుకుంటారు. అదీ మంచిదే.

బయట బల్ల మీద ఒక పుస్తకం పెట్టాను. ఊరి పేరు, బడి పేరు, మీ ఫోన్ నంబరు రాయండి. మా ఊరి పేరు మొదటి వరసలో నేనే రాశాను. రెండో వరస ఖాళీగా ఉంది.